ఆటలో అరటిపండు

మా పెద్దోడు బెంగళూరు హాస్టల్ నుంచి అనంతపురం వస్తే బ్యాగులో బట్టలకన్నా 'మ్యాజిక్: ద గ్యాదరింగ్' కార్డులే ఎక్కువ. అందులో కమాండర్ అనే ఆట ఉంది, మనిషికి 100 కార్డులు. సరదా ఆటలో జోడీ కుదరాలని కంపెనీవాళ్లు 2025 ఫిబ్రవరిలో 5 అంచెలు పెట్టారు. బాగా బలమైన కార్డులకు 'గేమ్ ఛేంజర్స్' అని ఒక జాబితా. మొదటి రెండు అంచెల్లో అవి ఒక్కటీ ఉండకూడదు, మూడో అంచెలో 3 దాకా సరే.

వినడానికి బాగానే ఉంది కదండీ! "నాదీ రెండో అంచేరా" అంటాడు పెద్దోడు. జాబితా చూస్తే నిజమే. కానీ మామూలు కార్డులనే ఒకదానికొకటి అతికేలా ఏరి పేర్చుకున్నాడు. తొమ్మిదో క్లాసు చిన్నోడు కొన్న పెట్టెలో ఉన్నవాటితోనే ఆడతాడు. వాడిదీ రెండే. వరసగా నాలుగాటలు ఓడి, "నాకు హోంవర్కుంది" అని లేచాడు. మే నెలలో హోంవర్కేమిటి!

మేం దాగుడుమూతలాడే రోజుల్లో చిన్నపిల్లల్ని ఆటలో అరటిపండు అనేవాళ్లం, దొరికినా దొంగ కాదు. పద్నాలుగేళ్లవాణ్ణి అలా అంటే ఊరుకుంటాడా?

"అంచె సంగతి వదిలేయ్, ఎన్నో వంతుకి గెలుస్తావో చెప్పు" అన్నాను పెద్దోడితో. "ఆరో వంతుకే అమ్మా" అని నసిగాడు. అప్పటికి చిన్నోడి కార్డులు సగం కూడా పరుచుకోవు.

రాత్రి ఇద్దరూ డెక్కులు మార్చుకుని కూర్చున్నారు. పెద్దోడు రెండాటలు ఓడాడు. "రెండూ రెండో అంచే కదన్నా!" అని చిన్నోడు ఒకటే నవ్వు.