కొండ దిగే చక్రాలు

తిరుత్తణి కొండ ఎక్కడం గురించి మా ఇంట్లో ఎవర్ని అడిగినా గంటసేపు చెబుతారు. ఏడాదికెన్ని రోజులో అన్ని మెట్లు, అంటే 365. ఆడికృత్తికకు కావళ్ళు, డిసెంబరు 31 రాత్రి పాటలు పాడుకుంటా మెట్టు మెట్టుకూ పూజ చేసే మెట్ల పండగ, ఇట్లా ఎంతైనా చెబుతారు. దిగడం గురించి మాత్రం పెద్దవాళ్ళది ఒకటే మాట: "చూసుకుని దిగండ్రా." పిలకాయలకు అసలు పండగ దిగడంలోనే ఉందని వాళ్ళకు తెలియక కాదు. తెలుసు కాబట్టే ఆ మాట.

మాది తిరువళ్ళూరు. మా అమ్మ పుట్టిల్లు తిరుత్తణి. 1960 ఏప్రిల్ 1 దాకా తిరుత్తణి చిత్తూరు జిల్లాలో ఉండేది. ఆ రోజు నుంచి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. మా తాత ఇల్లు మాత్రం అదే వీధిలో, అదే అరుగుతో అట్లే ఉండిపోయింది. బళ్ళో అరవం, ఇంట్లో తెలుగు, సెలవుల్లో కొండ. మా తరం పిలకాయలందరి బాల్యం ఇదే. ఈ సారి ఆ కొండ వాలు గురించి, దాని మీద మేము ఎక్కిన చక్రాల గురించి రాస్తాను. ఎందుకంటే పోయిన వేసవిలో మా ఇంట్లో దీని మీద పెద్ద పంచాయితీ జరిగింది.

స్కేట్‌బోర్డు అనే మాట మేము వినకముందే మాకు బేరింగు బండి ఉండేది. లారీ షెడ్డులో పారేసిన బేరింగులు మూడో నాలుగో అడిగి తెచ్చుకోవడం, ఒక చెక్క పలకకు వెనక రెండు, ముందు ఒకటి బిగించడం. ముందరి కట్టె ఒక బోల్టు మీద తిరుగుతుంది. దానికి రెండు వైపులా తాడు కడితే అదే స్టీరింగు. బ్రేకు అంటే మన మడమ, లేదంటే పాత చెప్పు ముక్క. వాలులో వదిలితే ఆ ఇనుప చక్రాల మోతకు వీధి వీధంతా బయటికొచ్చి తిట్టేది. తారు వేసిన వీధి అయితే పళ్ళు కూడా అదిరేవి.

తర్వాత బాడుగ సైకిలు. గంటకు పావలా. పేరు, టైము నోటుబుక్కులో రాసుకుని ఇచ్చేవాళ్ళు. బార్ మీద కాలు అందని వయసులో, బార్ కిందినుంచి కాలు దూర్చి తొక్కేదాన్ని తమిళంలో కురంగు పెడల్ అంటారు. మా ఇంట్లో కోతి పెడలు అనేవాళ్ళం. నేను లంగా ఎగ్గట్టి అట్లే నేర్చుకున్నాను. మా పక్కన సైకిలుకు కొదవ లేదు. 1949లో మొదలైన టీఐ సైకిల్స్ వాళ్ళ ఫ్యాక్టరీ ఉన్న అంబత్తూరు మా తిరువళ్ళూరు రైలు దారిలోనే ఉంది. మా వీధిలో ఇద్దరు ముగ్గురు ఆ రైల్లోనే పనికి పోయి వచ్చేవాళ్ళు.

ఇప్పుడు పంచాయితీకి వస్తాను. మా అక్క మనవడు కాలిఫోర్నియాలో పుట్టి పెరిగాడు. 17 ఏళ్ళు. ఈ సారి వచ్చేటప్పుడు సూట్‌కేసుకు కట్టుకుని ఒక పొడుగు బోర్డు తెచ్చాడు. సందుల్లో ఎగిరి గంతులేసే చిన్న బోర్డు కాదు, కొండ దిగడానికి చేసిన లాంగ్‌బోర్డు. మీటరు పొడుగు, నాలుగు చక్రాలు. ఇంటికి వచ్చిన మూడో రోజే అడిగాడు: "అవ్వా, తిరుత్తణి కొండకు రోడ్డు ఉంది కదా? పై నుంచి కిందికి బోర్డు మీద రావొచ్చా?"

వాళ్ళమ్మ వద్దంది. మా తమ్ముడు "సైకిల్లో పోరా, కావాలంటే నేనూ వస్తా" అన్నాడు. వాడు ఊరుకోలేదు. "సైకిల్ అయితే ఓకే, బోర్డు అయితే నో. ఎందుకు?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. దానికి "గమ్మునుండు" అనేది జవాబు కాదు.

అందుకని కూర్చుని లెక్కేశాం. మెట్టుకు ఆరంగుళాలు అనుకుంటే 365 మెట్లకు దాదాపు 55 మీటర్ల ఎత్తు. గాలి, రాపిడి ఏమీ లేకుండా అంత ఎత్తు జారితే కింద చేరేసరికి వేగం గంటకు 118 కి.మీ. దాకా ఉంటుంది. నిజంగా అంత రాదు. గాలి ఆపుతుంది, మలుపులు ఆపుతాయి, మనం బ్రేకు వేస్తాం. కానీ ఎత్తులో దాగిన ఆ శక్తి ఎక్కడికో ఒకచోటికి పోవాలి. మనిషి, సైకిలు కలిపి 75 కిలోలైతే, అది 40 కిలోజూళ్ళు. ఒక కాఫీ గ్లాసు నీళ్ళు మరిగించేంత వేడి. సైకిల్లో ఆ వేడి బ్రేకు రబ్బర్లకూ రిమ్ముకూ పోతుంది. బోర్డులో బ్రేకు లేదు. చక్రాలకు, షూ అడుగుకు, చేతి గ్లవ్‌కు పోతుంది. తప్పితే ఒంటి చర్మానికి.

వాడు ఇది విని భయపడలేదు, ఉత్సాహపడ్డాడు. బోర్డు ఎట్లా ఆపుతారో చూపించాడు. నిదానంగా పోయేటప్పుడు ఒక కాలు దించి షూ అడుగును రోడ్డుకు రాస్తారు. వేగం ఎక్కువైతే కుంగి కూర్చుని, గట్టి ప్లాస్టిక్ బిళ్ళ అతికించిన గ్లవ్‌ను రోడ్డుకు ఆనించి, బోర్డును అడ్డంగా తిప్పేస్తారు. చక్రాలు దొర్లడం మాని పక్కకు జారుతూ వేగం తగ్గుతుంది. బర్క్‌లీకి చెందిన క్లిఫ్ కోల్‌మన్ పేరుతో దీన్ని కోల్‌మన్ స్లైడ్ అంటారు. 1970ల మొదట్లో ఫ్రాంక్ నాస్‌వర్తీ అనే ఆయన యూరితేన్ చక్రాలు తెచ్చాకే ఇవన్నీ వీలయ్యాయి. అంతకుముందు మట్టి చక్రాలు, ఇనుప చక్రాలు ఉండేవి. అంటే వాళ్ళదీ మన బేరింగు బండి తంతే!

"దీంట్లో ఏముందిరా అంత?" అని అడిగాను. వాడు తెలుగులో వెతుక్కుంటూ చెప్పాడు: "సైకిల్‌లో నువ్వు మిషన్ మీద కూర్చుంటావు అవ్వా. దీంట్లో రోడ్డు నీ పాదాలకు తెలుస్తుంది. వేరే ఏమీ ఆలోచించలేవు." నేను వాకిట్లో, మా పెద్దన్న భుజం పట్టుకుని ఆ బోర్డు మీద నిలబడి పదడుగులు జరిగాను. అరికాళ్ళు జుమ్మన్నాయి. వాడు చెప్పింది అబద్ధం కాదు.

వేగం ఒక్కటే ప్రమాదమైతే సైకిలే పెద్ద ముద్దాయి. నిలబడి తోలే స్కేట్‌బోర్డు మీద 2017లో పీటర్ కానలీ కెనడాలోని క్విబెక్‌లో గంటకు 146.73 కి.మీ. వేగం అందుకున్నాడు. అదే ఏడాది ఎరిక్ బరోన్ ఫ్రాన్సులో మంచు వాలు మీద సైకిలుతో 227.72 కి.మీ. దాటాడు. అదే బరోన్ 2002లో నికరాగువాలో అగ్నిపర్వతం వాలు దిగుతూ 172 కి.మీ. దగ్గర సైకిలు విరిగి పడ్డాడు. బతికాడు. ఆ పందేల్లో దారి ఖాళీ చేసి పెడతారు. కింద పూలబుట్ట పట్టుకుని ఎవరూ రారు.

తేడా ఎక్కడుందంటే ముందు చక్రంలో ఉంది. పాత సైకిలు చక్రం 28 అంగుళాలు, అంటే 71 సెంటీమీటర్లు. బోర్డు చక్రం 7 సెంటీమీటర్లు, పదో వంతు. సైకిలు చక్రం ఎక్కి దిగే గులకరాయి బోర్డు చక్రానికి గోడ. చక్రం టక్కున ఆగుతుంది, మనిషి ఆగడు. వేగం పెరిగితే రెండూ వణుకుతాయి. సైకిలు వణికితే మోకాళ్ళతో బార్‌ను అదిమి పట్టుకోవచ్చు. బోర్డు వణికితే పట్టుకోవడానికి ఏమీ లేదు, బరువు ముందు కాలి మీద వేసి ఒళ్ళు బిగదీయకుండా నిలవాలి. అది అలవాటుతో రావాలి, ధైర్యంతో రాదు.

సైకిలుకు మాత్రం ఏ ప్రమాదమూ లేదా? ఉంది. ఆ కథ మా పెద్దన్నది. మా పెదనాయన కొడుకు.

పొద్దున్నే ఆరుగంటలకు వాణ్ణి వెంటబెట్టుకుని పెద్దన్నా నేనూ కొండ రోడ్డులో నడిచి దిగాం. బోర్డు ఇంట్లోనే పెట్టించాం, చూడ్డానికి మాత్రమే అని. ఒక మలుపు దగ్గర పెద్దన్న నిలబడి చెప్పాడు. 1974. ఆయనకు 15 ఏళ్ళు. కడ్డీ బ్రేకుల బాడుగ సైకిలు. తుంపర పడుతోంది. ఆ కాలపు మెరుగు ఇనుప రిమ్ములు తడిస్తే బ్రేకు రబ్బరు జారిపోతుంది, పట్టదు. ఆయన రెండు బ్రేకులూ నొక్కాడు, సైకిలు పట్టించుకోలేదు. మలుపులో ఒక పెద్దామె స్వామి దర్శనం చేసుకుని దిగుతోంది. ఆయన కాలువ వైపు తిప్పాడు, అయినా హ్యాండిల్ ఆమెకు తగిలింది. ఆమె కాలు, ఈయన మణికట్టు. ఇద్దర్నీ ఒకే బండిలో పుత్తూరుకు తీసుకుపోయి కట్టు కట్టించుకొచ్చారు. ఎముకలు అతుక్కున్నాయి. ఆమె ప్రతి కృత్తికకూ కొండ ఎక్కే మనిషి. తర్వాత భయంతో మళ్ళీ ఎక్కలేదు. పోయేదాకా కింద నుంచే దణ్ణం పెట్టుకునేది. మా పెదనాయన ప్రతి కృత్తికకూ ఆమె ఇంటికి ప్రసాదం పంపించేవాడు.

"నా చెయ్యి నేను అడిగి తెచ్చుకున్నది," అన్నాడు పెద్దన్న. "ఆయమ్మ ఏమీ అడగలేదు."

పిల్లోడు ఏమీ మాట్లాడలేదు. కిందికి కూర్చుని అరచేత్తో రోడ్డు తుడిచి చూశాడు. వాన నీళ్ళు తెచ్చిన ఇసుక, గులకరాళ్ళు. పక్కన కోతులు. గుండు చేయించుకుని, బిడ్డల్ని భుజాన వేసుకుని, చెప్పుల్లేకుండా నడిచే జనం. వ్యాన్లు. కాసేపటికి వాడే అన్నాడు: "ఇక్కడ వద్దు తాతా. నేను పడితే నా ఇష్టం. వాళ్ళు ఈ గేమ్‌లో లేరు."

మేము వద్దన్నదానికంటే వాడు చూసి వద్దనుకున్నది గట్టిగా నిలిచింది.

అట్లని వాడి బోర్డును అటక మీద పెట్టించలేదు. పళ్ళిపట్టు దారిలో తెలిసినవాళ్ళ లేఅవుట్ ఉంది. తారు రోడ్డు వేశారు, ఇళ్ళు ఇంకా లేవలేదు. మెల్లగా దిగే వాలు, ఒక మలుపు, కింద సమతలం. వాళ్ళను అడిగి, పొద్దున్నే చీపుర్లు తీసుకుపోయి రోడ్డు ఊడ్చాం. పెద్దన్న ఎర్ర తువ్వాలు పట్టుకుని మలుపులో నిలబడ్డాడు, ఆవు వచ్చినా మనిషి వచ్చినా ఊపడానికి. హెల్మెట్టు, మోకాళ్ళకు మోచేతులకు ప్యాడ్లు, గ్లవ్స్. కాలిఫోర్నియాలో 18 ఏళ్ళ లోపు వాళ్ళకు సైకిలైనా స్కేట్‌బోర్డైనా హెల్మెట్టు చట్టం. మన దగ్గర ఆ చట్టం మోటారు బండికే. సైకిలుకు లేదు కాబట్టి మా తమ్ముడి కొడుకు ఉత్త తలతో వచ్చాడు. వాడికి మోటారు సైకిలు హెల్మెట్టే పెట్టించాం. నవ్వుకున్నాం గానీ తీయనివ్వలేదు.

నేను ముగ్గు పిండితో అడ్డంగా ఒక గీత గీశాను. గీత దగ్గరికి వచ్చినప్పుడు ఆపాలి, ఎవరు ఎంత దూరంలో ఆగుతారో చూద్దాం అని. ఫోన్లో చూస్తే ఇద్దరూ దాదాపు 30 కి.మీ. వేగంలోనే వచ్చారు. సైకిలు 13 అడుగుల్లో... కాదు, అడుగులంటే నా అడుగులు, అంగలు. సైకిలు 13 అంగల్లో ఆగింది. బోర్డు 29 అంగలు పోయింది, మూడో సారి స్లైడ్ సరిగ్గా కుదిరినప్పుడు కూడా 24. రెండో సారి వాడు జారి పడ్డాడు. మోచేతి ప్యాడు చీరుకుపోయింది, మోచెయ్యి బాగుంది. ఇది శాస్త్రం కాదు, మా ఇంటి లెక్క. కానీ వేగం రెట్టింపైతే ఆగే దూరం నాలుగింతలవుతుంది అన్నది మాత్రం అందరికీ ఒకటే. 20 కి.మీ. వేగంలో 5 మీటర్లలో ఆగే బండికి 40లో 20 మీటర్లు కావాలి.

బోర్డు అమెరికా పిలకాయల ఆట అని కొట్టిపారేయడానికి లేదు. మన పక్కనే మహాబలిపురంలో కమలి అనే చిన్న పాప గౌను వేసుకుని, ఉత్త కాళ్ళతో స్కేట్‌బోర్డు తొక్కుతున్న ఫోటో ప్రపంచమంతా చూసింది. ఆ పాప, వాళ్ళమ్మ గురించి తీసిన చిన్న సినిమా 2020లో బాఫ్టా అవార్డుకు పోటీలో నిలిచింది. టోక్యో ఒలింపిక్స్‌లో స్కేట్‌బోర్డింగ్ పెట్టారు. అందులోనూ పార్కు, స్ట్రీట్ పోటీలే. కొండ దిగే పందెం లేదు.

ఇప్పుడు మీరు ఉన్నది బెంగళూరైనా, బే ఏరియా అయినా, మన తిరువళ్ళూరైనా, మీ ఇంట్లో పిల్ల బోర్డో గేరు సైకిలో తెచ్చుకుని వాలు వెతుక్కుంటా ఉంటే, ఎంత వేగం పోతావు అని అడగొద్దు. ఆ జవాబు వాళ్ళకు గొప్పగా ఉంటుంది. ఎట్లా ఆగుతావో చూపించు అని అడగండి. సమతలంలో, మెల్లటి వాలులో, పదిసార్లు ఆగి చూపించమనండి. తర్వాత ఆ దారిని వాళ్ళతో కలిసి నడవండి. కింద ఎవరుంటారు, ఏ టైముకు వస్తారు, మలుపు అవతల ఏముంది అని వాళ్ళ కళ్ళతోనే చూడనివ్వండి. తడి రోడ్డయితే ఆ రోజు వద్దు, సైకిలుకైనా.

మా వాడు డిసెంబరులో మళ్ళీ వస్తానన్నాడు. ఆ లేఅవుట్‌లో అప్పటికి ఇళ్ళు లేచి ఉంటే ఇంకో ఖాళీ వాలు వెతకాలి. నగరి, పుత్తూరు వైపు మీకు తెలిసిన చోటు ఉంటే చెప్పండి. బేరింగు బండి చేసిన చేతులు మీ ఇంట్లో ఉంటే ఆ కథ కూడా రాసి పంపండి. ముందరి కట్టెకు బోల్టు ఎట్లా బిగించేవాళ్ళో పెద్దన్నకూ నాకూ ఇంకా ఒప్పందం కుదరలేదు.