మా మూడూళ్ల జడలు

పుంగనూరు చుట్టుపక్కల మెట్ట చేలల్లో శెనక్కాయ వేస్తే గట్టు వెంబడి ఆముదం చెట్లు ఉండాల్సిందే. వాన తప్పి శెనక్కాయ ఎండిపోయిన ఏడు కూడా ఆముదం ఎంతోకొంత కాపు ఇచ్చేది. మా ఇంట్లో డబ్బు పెట్టి కొనని నూనె అదొక్కటే. బాలింతలకు, పసిపిల్లల మాడుకు, బండి ఇరుసుకు, మా జడలకు అన్నిటికీ అదే. కొబ్బరినూనె అంగట్లో కొనాలి. కొన్నా చలికాలంలో సీసా బోర్లించి తట్టినా బయటికి రాదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్న ఊళ్లు. కొబ్బరినూనె 24 డిగ్రీలకు దిగువన గడ్డకట్టడం మొదలుపెడుతుంది. ధనుర్మాసం తెల్లవారుజాముల్లో మా దగ్గర అంతకన్నా ఎంతో చల్లగా ఉంటుంది. సీసాను పొయ్యిగట్టు మీద పెట్టి కరిగించుకోవాలి. ఆముదం మాత్రం ఎంత చలికైనా చిక్కబడుతుందే తప్ప గడ్డకట్టదు.

సంక్రాంతి దాటాక అవ్వ ఆముదం కాచేది. కోసి తెచ్చిన గెలలను మిద్దె మీద ఆరబోస్తే ఎండకు కాయలు టపటపా పగిలి గింజలు పిట్టగోడ దాకా ఎగిరిపడేవి. వాటిని ఏరడం పిల్లకాయల పని. ఆ రోజు మాత్రం అవ్వ గొంతు మారేది. "ఒక్క గింజ నోట్లో పెట్టుకున్నారంటే వీపులు పగుల్తాయి, చెప్తావుండా" అని ముందే బెదిరించేది. గింజలు నున్నగా, మచ్చలు మచ్చలుగా చూడ్డానికి ముద్దొచ్చేవి కాబట్టి ఆ బెదిరింపు అవసరమే.

గింజలను పెంకులో దోరగా వేయించి, రోట్లో పోసి రోకలితో దంచేవాళ్లు. దంచేకొద్దీ పొడి కాస్తా ముద్దయి రోకలికి అంటుకునేది. పెరట్లో మూడు రాళ్ల పొయ్యి మీద పెద్ద కుండలో నీళ్లు తెర్లుతుంటే ఆ ముద్దను అందులో వేసి కలిపేది అవ్వ. చాలాసేపు ఏమీ కనపడదు, బూడిదరంగు నురుగు తప్ప. తర్వాత నురుగు కింద నుంచి నూనె బొట్లు ఒక్కొక్కటే పైకి తేలి, ఒకదాంట్లో ఒకటి కలిసి, పొరలాగా పరుచుకునేవి. అవ్వ గరిటె వీపుతో నురుగును పక్కకు నెట్టి, నీళ్లు కదలకుండా ఆ పొరను మాత్రం ఎత్తి ఇత్తడి గిన్నెలోకి వంపేది. మళ్లీ గిన్నెను సన్నని సెగ మీద పెట్టి చిటపట ఆగేదాకా కాచేది. చిటపట ఆగిందంటే నీటి తడి పోయిందని లెక్క. తడి మిగిలితే నూనె ముక్కిపోతుంది.

కుండ అడుగున మిగిలిన పిప్పిని దూడలు మూతిపెట్టకుండా కొబ్బరిచెట్టు పాదులో గుంత తీసి పూడ్చేది. ఆముదపు గింజలో రిసిన్ అనే విషం ఉంటుందని, అది నూనెలోకి దిగదని నేను కాలేజీకి పోయాక చదువుకున్నాను. ఉడికితే ఆ విషం చాలావరకు విరిగిపోతుంది. అయినా అవ్వ ఏనాడూ ఆ పిప్పిని గొడ్లకు పెట్టలేదు. ఆ పేరు తెలియకుండానే ఆమె మమ్మల్నీ దూడల్నీ కాపాడుకుంది. ఆ తెలివి అంటే నాకిప్పటికీ గౌరవం.

ఇంత కష్టపడి తీసిన నూనెను అవ్వ మా తలలకు ఎంత పొదుపుగా వాడేదో చెప్పాలి. చిన్న గరిటెడు నువ్వుల నూనెలోనో కొబ్బరినూనెలోనో చెంచాడు ఆముదం, అంతే. శుక్రవారం పొద్దున్నే ఆ గిన్నెను వేడినీళ్లలో ఉంచి వెచ్చబెట్టేది. పాపిట్లు పాపిట్లుగా తీసి మాడుకు వేలికొసలతో అద్దేది. మిగిలింది అరచేతుల్లో రుద్దుకుని జుట్టు పొడవునా పైనుంచి కిందికి పట్టించేది. చిక్కు తీయడం మాత్రం కొసల దగ్గర మొదలుపెట్టి మెల్లగా పైకి పోయేది. మాకు తొందరెక్కువ. నడినెత్తి నుంచి ఒక్క లాగు లాగుదామని చూస్తే దువ్వెన లాక్కునేది.

తలకు పోసుకునేటప్పుడు బండ మీద కూర్చుని తల ముందుకు వంచాలి. జుట్టంతా ఒకే వాలున కిందికి వేలాడాలి. గంజిలో కలిపిన సీకాయ పొడిని వాలు వెంట నిమరాలే గానీ, జుట్టును నెత్తి మీద ముద్ద చేసి రుద్దకూడదు. ఆ ఒక్క విషయంలో అవ్వ ఎవరినీ క్షమించేది కాదు. ఆరబెట్టుకోవడం సాంబ్రాణి పొగ మీద. దువ్వెనకు వచ్చిన వెంట్రుకలను వేలికి చుట్టి చూరులో దోపేది. అవి పోగయ్యాక, వెంట్రుకలు కొనేవాళ్లు వీధిలోకి వస్తే ఇచ్చి ఏదో ఒక గిన్నె తీసుకునేది.

డెబ్బై దాటాక కూడా అవ్వ జడ నడుం కిందికే ఉండేది, పలచబడింది అంతే. ఆముదం పెడితే జుట్టు పొడుగు పెరుగుతుందా అని అడిగితే నవ్వేది. "పెరిగేది నీ ఒంట్లో ఉండాది మే. పెరిగిందాన్ని తెగకుండా కాచేదే నూనె."

మదనపల్లెలో బీటీ కాలేజీలో చేరాక మా పిన్నమ్మ ఇంట్లో ఉన్నాను. ఆమెది వేరే పద్ధతి. నీరుగట్టువారిపల్లె పట్టుమగ్గాల ఇళ్లలో ఆమెకు స్నేహితురాళ్లు ఎక్కువ. గుంటగలగరాకు నూనె కాచడం వాళ్లే నేర్పారు. కాలవ గట్టున దొరికే ఆకును వేళ్లతో సహా పీకి, కడిగి, దంచి, పసరు పిండి, దానికి సమానంగా కొబ్బరినూనె కలిపి ఇనుప మూకుట్లో కాచేది పిన్నమ్మ. పసరులోని నీరంతా ఇగిరేదాకా పక్కనుంచి కదిలేది కాదు. పాకం వచ్చిందో లేదో చూడ్డానికి దూది ఒత్తిని నూనెలో ముంచి వెలిగించేది. చిటపటలాడకుండా నిదానంగా కాలితే దించేయడమే. ఆయుర్వేద వైద్యులు తైలపాకం చూసే పరీక్షల్లో ఇదీ ఒకటని తర్వాత తెలిసింది. వాళ్ల నీలిభృంగాది తైలంలోనూ ముఖ్యమైనవాటిలో ఈ గుంటగలగరాకు ఒకటి.

ఆ నూనె ఊడిన జుట్టును మళ్లీ మొలిపిస్తుందని పిన్నమ్మ గట్టిగా నమ్మేది. నాకా నమ్మకం లేదు. నెత్తి మీద వెంట్రుక నెలకు సుమారు సెంటీమీటరో, కొంచెం ఎక్కువో పెరుగుతుంది. రోజుకు యాభై నుంచి వంద దాకా రాలడం మామూలే. ఏ నూనే ఈ లెక్కను పెద్దగా మార్చదు. కానీ పిన్నమ్మ చేతి నూనెతో మా జడల కొసలు చీలడం తగ్గిన మాట నిజం. ఆకు సంగతి ఎలా ఉన్నా, అందులోని కొబ్బరినూనె మాత్రం తన పని తాను చేసింది. ఆర్తి రేలే, ఆర్.బి. మోహిలే అనే పరిశోధకులు 2003లో కొబ్బరినూనెను, పొద్దుతిరుగుడు నూనెను, మినరల్ ఆయిల్‌ను పక్కపక్కన పెట్టి పరీక్షించారు. తలస్నానంలో, దువ్వడంలో వెంట్రుక కోల్పోయే ప్రోటీన్‌ను తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. అందులో సగానికి దగ్గరగా ఉండే లారిక్ ఆమ్లం సన్నని పొడుగు అణువు కావడంతో వెంట్రుక లోపలికి దిగగలదు. ఆముదంలో పదింట తొమ్మిది వంతులు రిసినోలిక్ ఆమ్లం. అది చిక్కనిది, జిగురుది, పైనే పట్టుకుని ఉంటుంది. చెంచాడు కలిస్తే జుట్టుకు మెరుపూ బరువూ ఇస్తుంది. ఎక్కువైతే ఏమవుతుందో కుప్పంలో కళ్లారా చూశాను.

అక్కడి ద్రావిడ విశ్వవిద్యాలయం 1997లో ఏర్పడింది. తర్వాత కొన్నేళ్లకు నేను పీజీకి చేరాను. మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా బస్సు. హాస్టల్లో మూడు రాష్ట్రాల పిల్లలం. తమిళం మాట్లాడే పిల్లలు మిరియాలు, జీలకర్ర వేసి కాచిన నువ్వుల నూనె పెట్టుకునేవాళ్లు. వాళ్ల ఇళ్ల నుంచి సీకాయతో పాటు తలంటుకు వాడే అరప్పు ఆకు పొడి వచ్చేది. శుక్రవారం వరండా అంతా ఆ వాసనలే. నాకవి చాలా ఇష్టమైన పొద్దులు.

మా గదిలో ఒక పిల్లది వి.కోట పక్క పల్లె. తొడల దాకా జడ. పరీక్షల ముందు జుట్టు రాలుతోందని దిగులు పడి, ఎవరో చెప్పారని అంగట్లో ఆముదం సీసా కొని, ఏమీ కలపకుండా సగం సీసా తలకు పోసుకుని పడుకుంది. పొద్దున నేను లేచేసరికి బకెట్ ముందు కూర్చుని, జుట్టంతా నెత్తి మీదికి కుప్పగా వేసుకుని, షాంపూ పోసి రెండు చేతులా గట్టిగా రుద్దుతోంది. జిడ్డు పోవడం లేదని మళ్లీ షాంపూ, మళ్లీ రుద్దడం. కాసేపటికి "అక్కా, ఒకసారి రా" అని కేక వేసింది. ఆ గొంతు వినే పరుగెత్తాను.

తల వెనక జుట్టంతా పిచ్చుకగూడులా ముడుచుకుపోయింది. వేళ్లు దూరలేదు. గట్టిగా, రాయిలాగా ఉంది. నీళ్లు పోసేకొద్దీ ఇంకా బిగిసింది. నలుగురం చేరి కొబ్బరినూనె పోసి, దువ్వెన తోకతో కొసల నుంచి ఒక్కో పాయా లాగాం. మధ్యాహ్నానికి అంచుల్లోని కొన్ని పాయలు విడిపోయాయి. లోపలి ముద్ద కదల్లేదు. ఆ పిల్ల ఏడుపు మానలేదు, మేమూ భోజనానికి పోలేదు.

సాయంత్రానికి వాళ్లమ్మ వచ్చింది. చూస్తూనే చేతులెత్తి దండం పెట్టింది. అప్పటికే హాస్టల్లో వంటచేసే పెద్దావిడ "గంగమ్మ కట్టిన జట తల్లీ, కత్తెర పెట్టగూడదు" అనేసింది. మా పక్క గంగమ్మ మాట ఎవరూ తేలిగ్గా తీసుకోరు. కుప్పంలో, పుంగనూరులో జాతరలంటే ఊళ్లన్నీ కదులుతాయి. జట కట్టిన ఆడపిల్లను దేవతకు వదిలేసినట్టు చూసే రోజులు మా పెద్దవాళ్లు ఎరిగినవే. ఆ తల్లి భయం అది. ఇది ఆముదం, షాంపూ, రుద్దుడు కలిసి చేసిన పని అని, రాత్రి లేని జట పొద్దున నా కళ్లముందే కట్టిందని నేను ఆమెకు మళ్లీ మళ్లీ చెప్పాను. ఆమె విన్నది, కానీ చెయ్యి మాత్రం వణుకుతూనే ఉంది. మర్నాడు గంగమ్మ గుడికి పోయి టెంకాయ కొట్టి, అమ్మవారి ముందు కుంకుమ పెట్టుకుని వచ్చాక, "నువ్వే కత్తిరించు పాపా" అని కత్తెర నా చేతికిచ్చింది. భుజాల దాకా మిగిలింది.

చాలా ఏళ్ల తర్వాత, 2017లో ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ ట్రైకాలజీలో అచ్చం ఇలాంటి కేసు ఒకటి వచ్చింది. ఆముదం రాసుకుని తలస్నానం చేసిన ఒక యువతి పొడవాటి జుట్టు ఒక్కసారిగా ముద్దకట్టింది. ఆమెకూ కత్తిరించడం తప్ప దారి లేకపోయింది. వెంట్రుక పైన ఉండే సన్నని పొలుసులు చిక్కటి నూనె, నీళ్లు, రాపిడి మధ్య ఒకదాన్నొకటి కరుచుకుని బిగుసుకుపోతాయట. చదువుతుంటే అవ్వ దువ్వెన లాక్కోవడం, తల ముందుకు వంచమనడం, చెంచాడుకు మించి ఆముదం ముట్టనివ్వకపోవడం అన్నీ అర్థమయ్యాయి.

ఇప్పుడు మా ఊళ్లలో కట్టె గానుగ బోర్డులు మళ్లీ కనపడుతున్నాయి. కళ్లముందే ఆడించి ఇస్తారు, తీసుకుంటాను. జుట్టు మోకాళ్ల దాకా పెంచుతామని రాసిన సీసాలు మాత్రం ఇంటికి తేను. చుండ్రు ఉన్న పిల్లలకు రోజులకొద్దీ నూనె ఉంచవద్దని కూడా చెబుతాను. ఆ చుండ్రుకు కారణమైన ఫంగస్ నూనెలోని కొవ్వును తినే బతుకుతుంది.

హాస్టల్లో జుట్టు కత్తిరించిన ఆ పిల్లకు ఆనాడు నేను రాసిచ్చింది అవ్వ కొలతే. అదీ కొసలకు ముందు, మాడుకు తర్వాత. వాలున పోసుకోవడం, వాలున నిమరడం తను తప్పలేదు. అది జరిగిన ఆరో ఏట తన పెళ్లి. వి.కోటలో పెళ్లింట పూలజడ కుట్టడానికి వచ్చినావిడ పాత సంగతి వినుండి, సవరం సంచీలో పెట్టుకునే వచ్చింది. జడ విప్పి మూర వేసి చూసి, సవరం పక్కన పెట్టేసి, కనకాంబరాలు చాలవు ఇంకో రెండు మూరలు తెమ్మని పెళ్లికూతురి తమ్ముణ్ణి మార్కెట్టుకు తరిమింది.