యమున రాళ్ళ క్రింది సాక్షులు

బర్కోట్ వద్ద యమునలో మోకాటి లోతున నిలబడితే మే నెలలోనైనా కాళ్ళు కొంకర్లు పోతాయి. యమునోత్రికి వెళ్ళే బస్సులు పైనున్న కొండదారిలో హారన్లు మ్రోగించుకుంటూ సాగిపోతాయి. ఇక్కడ దర్శించవలసిన దేవళమేదీ లేదు గనుక యాత్రికులు దిగరు. ఉన్నవల్లా నునుపుదేరిన గుండ్రాళ్ళు. వాటిలో అరచేతి వెడల్పున్న ఒకదానిని మెల్లగా ఎత్తి అడుగుభాగం చూడండి. రాతికి బల్లపరుపుగా అంటిపెట్టుకొని ఉన్న, మూడేసి సన్నని తోకలుగల పురుగులు వెలుతురు సోకగానే ప్రక్కకు జారుకుంటాయి. ఆ సమీపంలోనే ఇసుక రేణువులను తన నోటి పట్టుదారంతో అతికించుకొని, ఆ గొట్టంలో కాపురముండే మరొక పురుగు కనిపిస్తుంది.

తోకల పురుగును ఇంగ్లీషులో మేఫ్లై అంటారు. అనువాదం వృత్తిగా గల నాకు ఈ పేరు పెద్ద చిక్కే తెచ్చిపెట్టింది. తొలకరిలో దీపాల చుట్టూ మూగే ఉసిళ్ళు కావివి. ఉసిళ్ళు చెదల జాతి. శాస్త్రజ్ఞులు గ్రీకు నుండి తీసుకున్న పేరుకు ‘ఒక్క దినం ఉండేది’ అని అర్థం. రెక్కలు వచ్చిన పిమ్మట దాని ఆయుర్దాయం కొన్ని గంటలు, మహా అయితే ఒకటి రెండు రోజులు. కవులందరూ ఆ ఒక్క దినాన్నే పట్టుకున్నారు. అంతకు పూర్వం అది నెలల తరబడి నీటి అడుగున జీవించిన సంగతిని పట్టించుకున్న వారు తక్కువ. నది ఆరోగ్యం తెలుసుకోగోరేవారికి కావలసింది సరిగ్గా ఆ నెలలే.

సీసాలో పట్టిన నీరు, పట్టిన క్షణాన్ని గురించి మాత్రమే చెబుతుంది. అర్ధరాత్రి మురుగు వదిలి తెల్లవారేసరికి గొట్టం బిగించే కర్మాగారాన్ని మధ్యాహ్నపు సీసా పట్టుకోలేదు. రాతి క్రింది పురుగు మాత్రం ఎక్కడికీ పారిపోలేదు. ఆ రాత్రి నీటిలో ప్రాణవాయువు తగ్గితే అది చస్తుంది. మరునాడు ప్రవాహం ఎంత తేటగా కనిపించినా, ఆ రాళ్ళ క్రింద వారాల తరబడి దాని చోటు ఖాళీగానే ఉంటుంది.

ఈ ఆలోచన కొత్తది కాదు. జర్మనీలో కోల్క్‌విట్స్, మార్సన్ అనే ఇరువురు శాస్త్రజ్ఞులు 1902 నుండి 1909 వరకు, ఏ మురుగులో ఏ జీవులు బ్రతుకుతాయో జాబితాలు కూర్చారు. 1976లో బ్రిటన్‌లో ఏర్పడిన నిపుణుల బృందం పురుగుల కుటుంబాలకు పరీక్షాపత్రాల్లో వలె మార్కులు కేటాయించింది. చల్లని, స్వచ్ఛమైన నీరు లేనిదే బ్రతకని వాటికి పది, బురదలో పొర్లే సన్నని పురుగులకు ఒకటి. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఇదే పద్ధతిని భారతీయ నదులకు అనువుగా మలచి, యమునను పరిశీలించి, నీటిని ఐదు తరగతులుగా విభజించింది. పటంలో పరిశుద్ధమైన నీటికి నీలిరంగు, మిక్కిలి చెడినదానికి ఎరుపు. కావలసిన సరంజామా ఒక సన్నకన్నుల వల, ఒక తెల్లని పళ్ళెం, ఒక భూతద్దం. వలను దిగువన పట్టుకొని ఎగువ రాళ్ళను కాలితో కదిపితే జీవులు కొట్టుకువచ్చి వలలో పడతాయి. ఏ ఉన్నత పాఠశాల అయినా చేయగలిగిన పని ఇది. అంకెల పట్టికలు చూసి నిట్టూర్చే సామాన్యుడికి కూడా ‘ఈ పురుగు ఇక్కడ బ్రతకలేదు’ అన్న మాట సులువుగా అర్థమవుతుంది.

కొండలు దిగిన యమునను హరియాణాలోని హథ్నీకుండ్ ఆనకట్ట కాలువల్లోకి మళ్ళిస్తుంది. వేసవిలో దిగువకు మిగిలేది స్వల్పం. ఇక్కడొక న్యాయం పాటించాలి. మైదానంలో నీరు వెచ్చన, అడుగున ఇసుక. బర్కోట్ పురుగులను ఢిల్లీలో వెదకడం తగదు. ఢిల్లీ నగరానికి ఎగువనున్న వజీరాబాద్‌ను, ఆనకట్ట దాటిన తర్వాతి యమునతో పోల్చడమే సరైన పరీక్ష. ఎగువన నగరం తన త్రాగునీరు తోడుకుంటుంది. ఆ నీటిలోనే అమ్మోనియా పెరిగిన రోజుల్లో శుద్ధి కేంద్రాలు ఉత్పత్తి తగ్గించుకోవలసి వస్తుంది. ఆనకట్ట దాటగానే నజఫ్‌గఢ్ మురుగుకాలువ వచ్చి కలుస్తుంది. ఒకప్పుడు దానికి సాహిబీ అనే నది పేరుండేదని ఇప్పుడెందరికి గుర్తు?

అక్కడి నుండి ఓఖ్లా వరకు 22 కిలోమీటర్లు. 1,376 కిలోమీటర్ల నదిలో ఇది నూటికి రెండు వంతులైనా కాదు. యమున మోసే మాలిన్యంలో అత్యధిక భాగం మాత్రం ఇక్కడే చేరుతుంది. ఇక్కడి బురదలో తల దిగవేసి, తోక పైకెత్తి ఊపుతూ ఎర్రని దారాల వంటి పురుగులు గుంపులుగా కనిపిస్తాయి. వాటి ఎరుపు మన రక్తంలోని హీమోగ్లోబిన్ ఎరుపే. అతి తక్కువ ప్రాణవాయువును సైతం ఒడిసిపట్టుకోవడానికి అది వాటికి తోడ్పడుతుంది. ఇంకెవరూ బ్రతకలేని చోట వాటికి పోటీ లేదు. పైన చూస్తే దృశ్యం వేరు: శీతకాలంలో వలస వచ్చిన తెల్లని గల్ పక్షులు వేలాదిగా పడవల చుట్టూ తిరుగుతుంటాయి. చూసేవారికి నది కళకళలాడుతున్నట్లే తోస్తుంది. పడవవాళ్ళు విసిరే కారప్పూస కోసం మూగిన పక్షులవి. వాటి సాక్ష్యం చెల్లదు. ఈ నీరే దిగువన మథుర చేరుతుంది. విశ్రామ్ ఘాట్‌లో భక్తులు దానితోనే ఆచమనం చేస్తారు.

ఇటావా జిల్లాలో చంబల్ వచ్చి కలిసినప్పుడుగాని యమునకు ప్రాణం లేచిరాదు. ఆ చంబల్‌లోనే 2007 డిసెంబరు నుండి 2008 తొలి నెలల వరకు నూటికి పైగా ఘరియాల్ మొసళ్ళు చచ్చి తేలాయి. శవపరీక్షలో మూత్రపిండాలు చెడినట్లు, కీళ్ళలో యూరిక్ ఆమ్లం పేరుకున్నట్లు తేలింది. యమున నుండి వచ్చిన చేపలను తిన్నందువల్లనే అని చాలామంది అనుమానించారు. ఏ విషమో మాత్రం రుజువు కాలేదు. జీవుల సాక్ష్యానికి ఉన్న పరిమితి ఇదే: నేరం జరిగిందని చెప్పగలవు, నేరస్థుని పేరు చెప్పలేవు. అందువల్ల పురుగుల లెక్క ఉన్నంత మాత్రాన రసాయన పరీక్షలు అక్కరలేదనుకోవడం పొరపాటు. పురుగు ఎక్కడ వెదకాలో చూపుతుంది, ఏమిటో తేల్చవలసింది ప్రయోగశాల.

చంబల్ ఇసుకతిన్నెల మీద ఘరియాల్ ఆడమొసళ్ళు నేటికీ మార్చి, ఏప్రిల్ నెలల్లో గుంటలు తవ్వి గుడ్లు పెడుతున్నాయి. జూన్‌లో, వానలకు ముందు, పిల్లలు ఇసుకలో నుంచి బయటికి వస్తాయి.