మనుమడి బండికి స్ప్రింగులు

నేను కోయంబత్తూరులో ఒక స్పిన్నింగు మిల్లులో 34 ఏళ్ళు రింగ్ ఫ్రేము ఫిట్టరుగా చేసినోడిని. ఐదో క్లాసుతో చదువు ఆగింది, రాతలో తప్పులుంటే సర్దుకోండి. నా కూతురి కొడుక్కి బైకు పందేల పిచ్చి. పాత 150 సీసీ బండి కొన్నాడు. క్యామ్ మార్చి, చెట్టిపాళయం దగ్గర కరి మోటార్ స్పీడ్‌వేలో తిప్పుతానంటే నా పీఎఫ్ డబ్బులో 30 వేలు తీసిచ్చాను. ఆ ట్రాకుకు పేరిచ్చిన కరివర్ధన్ గారిదీ మిల్లు కుటుంబమే. అందుకే నాకూ ముచ్చట పుట్టిందేమో. ఇంట్లో ఆడవాళ్ళకు చెప్పలేదు.

మొదటి రోజే ఇంజను పోయింది. నిమిషానికి 10,000 చుట్లు దాటగానే పొడిదగ్గు దగ్గినట్టు దగ్గింది. కరెంటు సరిగా అందట్లేదని ప్లగ్గు మార్చి మళ్ళీ లాగాడు. వాల్వు పిస్టనుకు కొట్టుకుని వంగిపోయింది. ఆ వేగంలో వెనక చక్రం పట్టేసి ఉంటే? నాకు రాత్రంతా నిద్ర లేదు.

హెడ్డు విప్పి చూస్తే క్యామ్ కొత్తది, స్ప్రింగులు పాతవి. మిల్లులో స్పిండిలు వేగం పెంచి పాత ట్రావెలరే ఉంచితే ఏమవుతుంది? కాలి ఎగిరిపోతుంది, నూలు తెగుతుంది. ఇదీ అంతే. వాల్వును క్యామ్ తోస్తుంది, వెనక్కి తెచ్చేది మాత్రం స్ప్రింగే. వేగం మించితే స్ప్రింగు అందుకోలేదు. వాల్వు క్యామ్‌ను వదిలి తేలిపోతుంది, ఈలోగా పిస్టన్ పైకొచ్చేస్తుంది.

"అయితే తాతా, దొరికిన వాటిలో గట్టిది వేసేద్దాం" అన్నాడు.

వద్దురా అన్నాను. టాప్ ఆర్ము ఒత్తిడి అతిగా పెడితే రబ్బరు కాట్స్ ఊరికే అరిగిపోవూ? అలాగే మరీ గట్టి స్ప్రింగు క్యామ్‌నూ రాకర్‌నూ తినేస్తుంది, ఇంజను బలం కొంత దాన్ని నొక్కడానికే పోతుంది. కొలిస్తేనే ఇంకో రూపాయి ఇస్తానన్నాను. మూతి ముడుచుకున్నాడు గానీ వచ్చాడు.

లేత్ షాపులో డ్రిల్లింగ్ మిషను కింద తూకం మిషను పెట్టాం. వాల్వు మూసి ఉన్నప్పటి ఎత్తుకు నొక్కితే పాతవాటిలో ఒకటి 13 కిలోలు, ఇంకోటి 11. రెండూ ఒకటిగా ఉండాల్సినవి! కొత్తవి 18 చూపించాయి. వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పటి ఎత్తుకు నొక్కినా చుట్ల మధ్య అంతా కలిపి ఒక మిల్లీమీటరైనా ఖాళీ మిగలాలి, లేకపోతే స్ప్రింగు ఇనుప దిమ్మె అయిపోతుంది. ఈ క్యామ్ ఎక్కువ ఎత్తుతుంది కాబట్టి మొదటి జత అక్కడే తప్పింది. తిరిగిచ్చి వేరే జత తెచ్చాం. పిస్టన్ మీద పిల్లలాడుకునే మెత్తటి మట్టి అంటించి, ఇంజను చేత్తో తిప్పి, వాల్వుకు సందెంత ఉందో కూడా చూశాం.

ఇక గేరు మార్చే చోటు. షిఫ్టంటే నాకు నైట్ షిఫ్టే తెలుసు, ఇది వాడి దగ్గరే నేర్చుకున్నాను. డైనో కాగితంలో పవర్ 9,300 దగ్గర శిఖరం, తర్వాత దిగుడు. రెండు నుంచి మూడుకు పోతే మా బండిలో చుట్లు నాలుగింట ఒక వంతు పడిపోతాయి. 10,400 దగ్గర మారిస్తే 7,800కి దిగుతుంది, రెండు చోట్లా పవర్ సమానం. అదే మార్చాల్సిన చోటు. ఇంకా లాగితే కూత ఎక్కువ, పరుగు తక్కువ. పై గేర్లలో ఎడం తక్కువ కాబట్టి ఇంకాస్త ముందే మార్చాలి. స్ప్రింగు మాత్రం 11,000 దాటినా తట్టుకోవాలి, చేయి తడబడే రోజు ఉంటుంది. పొరపాటున కింది గేరు వేస్తే ఏ లిమిటరూ కాపాడదు.

పోయిన నెల మళ్ళీ ట్రాకుకెళ్ళాం. నేను కంచె పక్కన నిలబడ్డాను. రింగ్ ఫ్రేముల హోరుకు నా కుడి చెవి ఎప్పుడో పోయింది, ఎడమ చెవి అటు తిప్పి పెట్టాను. దగ్గు రాలేదు. పది చుట్లు తిరిగొచ్చి, హెల్మెట్ తీయకుండానే "ఎలా ఉంది తాతా?" అన్నాడు.

ముందు ఇంజను చల్లారనీ, తర్వాత కవరు విప్పి ట్యాపెట్ సందు చూడు అన్నాను.