లోయి లాంటి మామ్మగారు



పోయిన వారం మా సంఘంలో అందరికంటే పెద్దావిడను సమాధి చేశాం. తొంభై ఏడేళ్లు. ఐదుగురు బిడ్డల తల్లి, పద్నాలుగు మందికి నానమ్మ, అమ్మమ్మ. గోదావరి జిల్లా నుంచి అయోవాలోని ఈ చిన్న ఊరికి సేవకు వచ్చిన మా ఇద్దరికీ ఆవిడ మొదటి నుంచీ 'మామ్మగారే'. ఆ మాటకు అర్థం అడిగి తెలుసుకుని, ఫోన్‌లో తానే అలా చెప్పుకునేవారు. ఆవిడ నోట అది 'మామగారు' అయ్యేది. మేమెప్పుడూ దిద్దలేదు.

1927లో పుట్టారు. 1930ల మధ్యలో కూడా అమెరికాలో రైతుల ఇళ్లు పదింటిలో ఒకదానికే కరెంటు ఉండేది. 1935లో ప్రభుత్వం పల్లెల కరెంటు కోసం ప్రత్యేక సంస్థ పెట్టాకే తీగలు మెల్లగా పొలాల మీదికి వచ్చాయి. మామ్మగారికి పన్నెండేళ్లప్పుడు ఇంట్లో బల్బు వెలిగింది. అంతవరకు రోజూ లాంతరు గ్లాసులు తుడవడం ఆవిడ పని. కోళ్ల దాణా పూల గుడ్డ సంచుల్లో వచ్చేది. ఒకే రకం పూలవి మూడు నాలుగు పోగైతే పిల్లలకు గౌన్లు కుట్టేవారట. ఆ కబుర్లు వింటుంటే మా అమ్మమ్మ పక్కన కూర్చున్నట్టే ఉండేది.

చర్చిలో ఆవిడ ఎప్పుడూ మైకు పట్టుకోలేదు. నేలమాళిగలో ఆడవాళ్లతో కూర్చుని పాత బట్టల ముక్కలతో బొంతలు కుట్టేవారు. ఎవరింట్లో చావు జరిగినా, పురుడు వచ్చినా వేడి గిన్నె ఒకటి వెళ్లేది. మనం స్టీలు గిన్నెల మీద పేరు చెక్కించుకున్నట్టు, ఇక్కడ గిన్నె అడుగున టేపు అంటించి పేరు రాస్తారు. ఈ ఊళ్లో ఆ పేరు చూడని ఇల్లు లేదు.

అయినా ఆ ఇంటికీ కష్టం తప్పలేదు. 1980ల్లో వడ్డీలు పెరిగాయి, పంట ధరలు పడ్డాయి. అయోవాలో 1981లో సగటున 2,147 డాలర్లున్న ఎకరం 1986కల్లా 787 అయింది. భూమి చూపించి అప్పు తెచ్చుకున్న రైతులు మునిగిపోయారు. వీళ్ల పొలం, ట్రాక్టరు, ఆవులు వేలానికి వెళ్లాయి. ఆ పొలం తనదవుతుందని నమ్ముకున్న రెండో కొడుకు ఆ ఏడాదే చర్చి మానేశాడు. 'దేవుడుంటే ఇలా చేస్తాడా' అని అడిగాడట.

మామ్మగారు వాదించలేదు. ప్రతి శనివారం రాత్రి అతనికి ఫోన్ చేసేవారు. వాన పడిందా, మోకాలు ఎలా ఉంది, ఏం తిన్నావు. అంతే. దాదాపు నలభై ఏళ్లు. 'రేపు రారా' అని ఒక్కసారైనా అన్నారా అని అడిగాం. "వాడికి దారి తెలుసు. ఫోన్ ఎత్తడం మానేస్తాడేమోనని నా భయం" అన్నారు.

పౌలు తిమోతికి రాసిన రెండవ పత్రిక మొదటి అధ్యాయంలో లోయి అనే అవ్వ పేరుంది. గ్రీకు కొత్త నిబంధనలో అవ్వ అనే మాట వచ్చేది అక్కడొక్కచోటే. ఆ గ్రీకు మాట 'మమ్మే', మన మామ్మకు ఎంత దగ్గర! లోయి ఏం చేసిందో, ఏం చెప్పిందో పౌలు రాయలేదు. ఆమెలో విశ్వాసం ఉండేదని, కూతురు యునీకేలో ఉందని, మనవడిలోనూ ఉందని నమ్ముతున్నానని మాత్రమే రాశాడు. తిమోతి తండ్రి గ్రీసు దేశస్థుడని అపొస్తలుల కార్యములు చెబుతుంది, అతను విశ్వాసి అని చెప్పదు. అన్ని ప్రశ్నలకూ జవాబు దొరికిన ఇల్లు కాదేమో అదీ.

సమాధి కార్యక్రమానికి రెండో కొడుకు వచ్చాడు, చివరి బల్లమీద కూర్చున్నాడు. పాటలు పాడలేదు. తర్వాత కింద భోజనాల దగ్గర చేతులు మడుచుకుని తల్లి గిన్నెలన్నీ తనే కడిగాడు. అడుగున టేపు తడవకుండా జాగ్రత్తగా తుడిచాడు. వచ్చే ఆదివారం వస్తాడో రాడో. శనివారం రాత్రి మాత్రం ఆ నంబరుకు ఇకనుంచి మేము ఫోన్ చేస్తాం. మామ్మగారు అడిగినవే అడుగుతాం.

ప్రియులారా, ఇంటికి దూరమైన బిడ్డ కోసం కన్నీటితో ప్రార్థించే తల్లులు మీలో ఎందరో ఉన్నారు. విసిగిపోకండి. ఈ వారం వాళ్లకొకసారి ఫోన్ చేసి, తిన్నారా అని అడగండి. ప్రభువు మీ ఇంటిని ఆదరించును గాక. ఆమేన్.