ఉప్పు తిన్న ఇరుసు

మిషిగన్‌లో చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు తిన్న ఫోర్-వీల్-డ్రైవ్ ఫోర్డ్ ఎఫ్-250కి ముందువైపు బాల్ జాయింట్లు మార్చాలంటే అసలు కుస్తీ వాటితో కాదు, తుప్పుపట్టి నకుల్‌ని కరుచుకుపోయిన హబ్‌తో. హబ్ ఊడితేనే యాక్సిల్ షాఫ్ట్ బయటికొస్తుంది, షాఫ్ట్ వస్తేనే నకుల్ దిగుతుంది. ఎలాగూ విప్పారు కాబట్టి షాఫ్ట్ మీది యూ-జాయింట్‌ని చేత్తో ఆడించి చూడండి. పట్టేస్తుంటే, నన్నడిగితే, షాఫ్టే మార్చెయ్యడం నయం. (షాఫ్ట్‌ని పాత సీలుతోనే బిగించేసే మహానుభావులకో దండం.) బాల్ జాయింట్లను సుత్తితో బాదక్కర్లేదు, డిపాజిట్ కడితే ప్రెస్‌ని ఇక్కడి ఆటో పార్ట్స్ షాపులే అరువిస్తాయి. కొత్తవి బిగించేటప్పుడు మాత్రం కిందిది ముందా, పైది ముందా అన్నది మాన్యువల్ చూసే తేల్చుకోండి. హబ్‌కి వెనకాల యాంటీ-సీజ్ దండిగా పులమండి, వచ్చే చలికాలమూ ఉప్పు చల్లుతారు.