మొగిలయ్య గారి కథలకు ఒక ఆల్బమ్ కావాలి

గ్లెన్ క్యాంప్‌బెల్ అని అమెరికాలో పేరున్న కంట్రీ గాయకుడు. అల్జీమర్స్ వచ్చాక కూడా గిటార్ పట్టుకుని వేదికలెక్కాడు. ఆ వీడ్కోలు యాత్ర మీద 2014లో 'ఐల్ బీ మీ' డాక్యుమెంటరీ వచ్చింది. అందులోని పాటలను విడిగా ఆల్బమ్‌గా కూడా తెచ్చారు. దానికి 2016లో గ్రామీ దక్కింది.

అది వింటుంటే మన నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంట దర్శనం మొగిలయ్య గారే మనసులో మెదిలారు. ఆయన వాద్యం పన్నెండు మెట్ల కిన్నెర. వెదురు కర్ర, కింద సొరకాయ బుర్రలు, మైనంతో నిలబెట్టిన మెట్లు. వేళ్లు వాటి మీద కదులుతుంటే గొంతు కథ చెబుతుంది, కిన్నెర ఊఁ కొడుతుంది. 2021లో 'భీమ్లా నాయక్' సినిమా పాట మొదట్లో ఆ గొంతు కాసేపు వినపడితేనే జనం ఎవరీయన అని వెతికారు. 2022లో పద్మశ్రీ వచ్చింది.

కానీ ఆయన పాడే పండుగ సాయన్న కథ కాసేపట్లో ఒడిసేది కాదు. ఉన్నోళ్లను కొట్టి లేనోళ్లకు పెట్టిన పాలమూరు మనిషి కథ అది. సాగాలి, ఆగాలి, మళ్లీ అందుకోవాలి. ఇంటర్వ్యూల్లో రెండు చరణాలు పాడించి వేరే ప్రశ్నకు పోతుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

మొగిలయ్య గారి మీద ఎవరు డాక్యుమెంటరీ తీసినా, కథలన్నీ పూర్తి నిడివితో ఆల్బమ్‌గా తేవాలి. రాబడి ఆయన ఇంటికే చేరాలి.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మిత్రులారా, మీ ఊళ్లో కిన్నెర పట్టే పెద్దలుంటే అడిగి, డబ్బులిచ్చి, కథ మొదలు నుంచి చివరిదాకా రికార్డు చేయండి. మధ్యలో మాట కలపకండి.